పాచికల పేజీ: స్పెల్ ఎంత దూరం పోతుంది?

ఈసారి ఉత్తరాలు చాలావరకు స్పెల్ (మంత్రం) రేంజ్ గురించే వచ్చాయి, అందుకే మిగతావి పక్కన పెట్టేసి దీని మీదే కూర్చున్నా. పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 పుస్తకం ప్రకారం చెప్తున్నా, 2024లో మారింది ఏదైనా అవసరమైతే అక్కడే చెప్తా. మీ టేబుల్ దగ్గర డిఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవారు) వేరేలా అంటే డిఎం మాటే ఫైనల్, మధ్యలోకి నన్ను లాగకండి.

ప్రశ్న: ఫైర్‌బాల్ రేంజ్ 150 అడుగులు అని ఉంది. శత్రువు 165 అడుగుల దూరంలో ఉన్నాడు. డిఎం "రేంజ్ దాటేశాడు, కుదరదు" అన్నాడు. వాడికి కాస్త ఇవతల పేలిస్తే తగలదా అండీ?
– కొత్త విజార్డ్

జవాబు: తగుల్తుందండీ, మీ డిఎం తొందరపడ్డారు. 150 అనేది ఆ నిప్పు ఎక్కడ పేలాలో మీరు చూపించే పాయింట్‌కి లెక్క, మంట ఎక్కడిదాకా పాకుతుందనే దానికి కాదు. పేలిన పాయింట్ నుంచి అన్ని వైపులా 20 అడుగులు మంటే, అంటే 150 దగ్గర పేలిస్తే 170 దాకా కాలుతుంది. 165లో నిలబడ్డవాడు డెక్స్ సేవ్ (చురుకుతనంతో తప్పించుకోడానికి వేసే పాచిక) వేసుకోవాల్సిందే, ఫెయిలైతే 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తే వచ్చినంత) దెబ్బ, పాసైతే అందులో సగం.

రేంజ్ మీద టేబుల్ దగ్గర జరిగే గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి, స్పెల్ పేరు కింద ఉన్న ఆ ఒక్క నంబర్ చూసి మొత్తం స్పెల్‌కి అదే హద్దు అనేసుకుంటారు. అది చెప్పేది ఒక్కటే, స్పెల్ వేసే ఆ క్షణంలో మీ టార్గెట్ ఎంత దూరం లోపల ఉండాలి అని. తర్వాత ఎంత పరుచుకుంటుంది, ఎంతసేపు నిలుస్తుంది, మధ్యలో గోడ ఉంటే ఏంటి, టార్గెట్ కనబడాలా అక్కర్లేదా, ఇవన్నీ వేరే ప్రశ్నలు, వాటి జవాబులు కింద డిస్క్రిప్షన్‌లోనో, కవర్ రూల్స్‌లోనో ఉంటాయి. డిస్క్రిప్షన్ చదవకుండా నంబర్ మాత్రమే చూసి ఆడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తమ పార్టీనే కాల్చుకుంటారు. 15 అడుగుల దూరంలో ఉన్న గాబ్లిన్ మీద సెంటర్ పెట్టారనుకోండి, మీరూ ఆ మంటలోనే ఉన్నారు, ఫైర్‌బాల్‌కి మనవాడు పరాయివాడు అని తేడా ఉండదు మరి.

ప్రశ్న: డ్రాగన్ 100 అడుగుల ఎత్తులో ఎగురుతోంది, నేల మీద కొలిస్తే మాకు 120 అడుగుల అవతల. ఫైర్‌బాల్ అందుతుందా? ముగ్గురం మూడు నంబర్లు చెప్పాం.
– లెక్కల్లో వీక్

జవాబు: మూడు నంబర్లూ కరెక్టే అయ్యుంటాయి! గ్రిడ్ లేకుండా ఊహించుకుంటూ ఆడితే స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్కే, 100కి వర్గం 10000, 120కి వర్గం 14400, కలిపి వర్గమూలం తీస్తే 156 పైచిలుకు. గ్రిడ్ మీద ఆడుతుంటే మామూలు రూల్‌లో అడ్డంగా వెళ్ళినా ఐమూలగా వెళ్ళినా గడికి 5 అడుగులే, అదే పద్ధతి ఎత్తుకీ పెట్టుకుంటే రెండింట్లో పెద్దదే దూరం, అంటే 120. డిఎం గైడ్‌లో ఇంకో ఆప్షన్ ఉంది, ఐమూల గళ్ళు ఒకటి 5, దాని తర్వాతది 10, మళ్ళీ 5 ఇలా లెక్కపెట్టేది, దాని ప్రకారం ఇరవై ఐమూల గళ్ళకి 150, మిగిలిన నాలుగు గళ్ళకి 20, మొత్తం 170.

తమాషా ఏంటంటే మూడు లెక్కల్లోనూ డ్రాగన్ కాలుతుంది. పైన చెప్పిందే, పాయింట్ నేల మీదే ఉండాలని ఎక్కడా లేదు, గాల్లో 150 దగ్గర పెట్టండి, మిగతా దూరం మంట చూసుకుంటుంది. 170 లెక్క మాత్రం అంచు మీద ఉంది కాబట్టి డ్రాగన్ ఒక్క గడి వెనక్కి జరిగినా పోయినట్టే. నా సలహా ఏంటంటే, ఏ లెక్కతో ఆడుతున్నారో క్యాంపెయిన్ మొదట్లోనే తేల్చుకోండి, డ్రాగన్ నెత్తి మీదకి వచ్చాక తేల్చుకుందామంటే ఆ రోజు ఆట అక్కడే ఆగిపోతుంది. ఇంకోటి, గళ్ళు లెక్కపెట్టేటప్పుడు మీరు నిలబడ్డ గడి లెక్కలోకి రాదు, పక్క గడి నుంచి మొదలుపెట్టి టార్గెట్ ఉన్న గడిని కూడా కలుపుకోవాలి.

ప్రశ్న: హోల్డ్ పర్సన్ వేసి కాపలావాణ్ణి కదలకుండా చేసి పరిగెత్తాం. 60 అడుగులు దాటగానే డిఎం "స్పెల్ తెగిపోయింది" అన్నారు. నిజమేనా?
– పరుగులో ఉన్న బార్డ్

జవాబు: కాదండీ. వేసినప్పుడు 60 లోపల ఉంటే చాలు, తర్వాత మీరు కొండ దాటి అవతలికి వెళ్ళినా పర్లేదు, కాన్సంట్రేషన్ (స్పెల్ ఆగిపోకుండా మీరు దాని మీద పెట్టే ధ్యాస) నిలిచినంత సేపు, గరిష్ఠంగా ఒక నిమిషం, వాడు అలాగే ఉంటాడు. వాడు ప్రతి టర్న్ చివర సేవ్ వేసి తప్పించుకోవచ్చు, అది వేరు. మీ కాన్సంట్రేషన్ తెగేది దెబ్బ తగిలి సేవ్ ఫెయిలైతే, కాన్సంట్రేషన్ కావాల్సిన ఇంకో స్పెల్ వేస్తే, స్పృహ తప్పితే. దూరం ఆ లిస్టులో లేదు. బ్లెస్ కూడా అంతే, 30 అడుగుల లోపల ముగ్గురికి వేశాక వాళ్ళు ఎటు పోయినా ఆ డి4 (నాలుగు ముఖాల పాచిక సాయం) వాళ్ళతోనే పోతుంది. మూన్‌బీమ్ 120 లోపల మొదలవ్వాలి, ఆ తర్వాత యాక్షన్ ఖర్చు పెట్టి 60 అడుగుల చొప్పున జరుపుతూ ఎంత దూరమైనా తీసుకెళ్ళొచ్చు.

కాకపోతే దూరం పట్టించుకునే స్పెల్స్ కూడా ఉన్నాయి, అవి ఆ మాట డిస్క్రిప్షన్‌లోనే చెప్పేస్తాయి. విచ్ బోల్ట్ అలాంటిదే, టార్గెట్ రేంజ్ దాటినా, టోటల్ కవర్ (పూర్తిగా కప్పేసే అడ్డం) వెనక్కి వెళ్ళినా అక్కడితో ఖతం. 2014లో దాని రేంజ్ 30 అడుగులే, శత్రువు తన టర్న్‌లో నడుచుకుంటూ వెళ్ళిపోతే మీ స్లాట్ (స్పెల్ వేయడానికి ఖర్చయ్యే కోటా) గాలికి. 2024లో 60 చేశారు, బాగుపడింది గానీ నేనైతే ఇప్పటికీ తీసుకోను.

ప్రశ్న: బర్నింగ్ హ్యాండ్స్ రేంజ్ "సెల్ఫ్" అని ఉంది, అంటే నన్ను నేనే కాల్చుకోవాలా? మిస్టీ స్టెప్‌కి కూడా సెల్ఫే ఉంది, అది మాత్రం 30 అడుగులు తీసుకెళ్తుంది. ఏంటిది?
– అయోమయం

జవాబు: సెల్ఫ్ అంటే స్పెల్ మీ దగ్గర మొదలవుతుందని, అంతే. మిస్టీ స్టెప్, షీల్డ్ లాంటి వాటిలో టార్గెట్ మీరే, మిస్టీ స్టెప్‌లో ఆ 30 అడుగులు స్పెల్ మీకు చేసే పని. బర్నింగ్ హ్యాండ్స్, థండర్‌వేవ్, లైట్నింగ్ బోల్ట్‌లో మీరు బయల్దేరే పాయింట్, అందుకే సెల్ఫ్ పక్కనే 15 అడుగుల కోన్, 15 అడుగుల క్యూబ్, 100 అడుగుల లైన్ అని రాసి ఉంటుంది. కోన్, క్యూబ్, లైన్ మూడింట్లోనూ మీరు కావాలనుకుంటే తప్ప మొదలయ్యే పాయింట్ ఏరియాలోకి రాదు, కాబట్టి భయం లేదు. కోన్ వెడల్పు ఎప్పుడూ మీ నుంచి ఎంత దూరమో అంతే, 10 అడుగుల దగ్గర 10, 15 దగ్గర 15. మీ పక్కనే నిలబడ్డ ఫైటర్ బతుకుతాడా లేదా అనేది మీరు కోన్ ఎటు తిప్పారనే దాని మీద ఉంది.

ప్రశ్న: మూసి ఉన్న గాజు కిటికీ అవతల శత్రువు స్పష్టంగా కనబడుతున్నాడు. ఫైర్ బోల్ట్ వేస్తానంటే డిఎం ఒప్పుకోలేదు. కనబడుతున్నప్పుడు ఎందుకు కుదరదు?
– కిటికీ బాధితుడు

జవాబు: ఈ గొడవ ఐదో ఎడిషన్ వచ్చినప్పటి నుంచి నడుస్తూనే ఉంది, ఇంకా నడుస్తుంది కూడా. రూల్ ఏంటంటే టార్గెట్‌కి దారి క్లియర్‌గా ఉండాలి, అది టోటల్ కవర్ వెనక ఉండకూడదు. కనబడటం, దారి ఉండటం రెండూ వేరు. ఇక్కడిదాకా మీ డిఎం కరెక్ట్. చిక్కెక్కడంటే, టోటల్ కవర్ అంటే అడ్డం వెనక పూర్తిగా దాగి ఉండటం అన్నట్టు రాశారు, మరి గాజు వెనకవాడు దాగలేదు కదా అని రెండో వర్గం వాదన. నేను మొదటి వర్గం, గాజైనా గోడైనా గట్టి వస్తువు గట్టి వస్తువే, బాణం దూరనప్పుడు నిప్పు మాత్రం ఎలా దూరుతుంది? సేక్రెడ్ ఫ్లేమ్ కవర్‌ని పట్టించుకోదు కదా అని ఎవరైనా అంటారు, అది సేవ్‌కి వచ్చే ప్లస్‌ని తీసేస్తుందంతే, మూసేసిన దారిని తెరవదు.

కానీ మీకో దారుంది. ఫైర్ బోల్ట్ మనుషుల మీదే కాదు, వస్తువుల మీద కూడా వేయొచ్చు. ముందు గాజు మీద వేయండి, డిఎం గైడ్‌లో గాజుకి ఏసీ (దెబ్బ తగలడానికి పాచిక మీద కావాల్సిన నంబర్) 13 ఇచ్చారు, పగిలాక మీ ఫ్రెండ్‌ని రెండోది వేయమనండి. మిస్టీ స్టెప్ ఉంటే ఇంకా సుఖం, దిగే చోటు ఖాళీగా ఉండి కనబడితే చాలు, దారి అడగదు.

ఫైర్‌బాల్‌కి వచ్చేసరికి, మీకు కనబడని చోట పాయింట్ పెట్టి మధ్యలో గోడ అడ్డొస్తే అది గోడకి మీ వైపే మొదలవుతుంది అని పుస్తకంలోనే ఉంది. అంటే తలుపు అవతల ఏముందో తెలీకుండా "లోపల పేలుస్తా" అంటే పేలేది మీ మొహం ముందే. గాజులోంచి చోటు కనబడుతోంది కదా, అప్పుడో అంటే ఈ వాక్యం అక్షరాలా వర్తించదు, అక్కడ డిఎం తీర్పే. పాత మూడో ఎడిషన్‌లో ఈ బాధ లేదు, మధ్యలో దేన్ని గుద్దుకున్నా అక్కడే పేలుతుందని నేరుగా రాసేశారు, నాకు అదే నచ్చుతుంది.

ప్రశ్న: శత్రు విజార్డ్ వేసిన ఫైర్‌బాల్ మా మధ్యలోనే పేలింది. కౌంటర్‌స్పెల్ వేస్తానంటే రేంజ్‌లో లేదన్నారు. పేలింది నా పక్కనే కదా?
– కాలిన సార్సరర్

జవాబు: కౌంటర్‌స్పెల్ అంటే ఎదుటివాడు వేస్తున్న స్పెల్‌ని ఆపేసేది, దాని 60 అడుగులు కొలిచేది మీకూ, స్పెల్ వేస్తున్నవాడికీ మధ్య. నిప్పు ఎక్కడ పడిందో దానికి అనవసరం, పైగా వాడు మీకు కనబడాలి. తెలివైన శత్రువు 61 అడుగుల అవతల నిలబడి 150 అడుగుల స్పెల్ వేస్తాడు, మీరూ అదే చేయండి. సార్సరర్ కాబట్టి డిస్టెంట్ స్పెల్ తీసుకుని ఉంటే ఒక సార్సరీ పాయింట్‌తో 60ని 120 చేసుకోవచ్చు.

ప్రశ్న: క్యూర్ వూండ్స్‌కి "టచ్" అని ఉంది. 40 అడుగుల దూరంలో ఫ్రెండ్ పడిపోయాడు. ఏం చేయాలి?
– క్లెరిక్

జవాబు: 30 అడుగులు నడిస్తే ఇంకా అందడు, కాబట్టి హీలింగ్ వర్డ్. 60 అడుగులు, బోనస్ యాక్షన్, తక్కువే నయమవుతుంది గానీ పడ్డవాడు లేవడానికి ఒక్క పాయింట్ చాలు. ఫైండ్ ఫెమిలియర్ (గుడ్లగూబ లాంటి తోడు జీవిని పిలిచే స్పెల్) ఉన్నవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది, ఆ జీవి 100 అడుగుల లోపల ఉంటే మీ టచ్ స్పెల్‌ని అది వెళ్ళి ముట్టి అందిస్తుంది, దాని రియాక్షన్ ఖర్చవుతుంది. అయితే మీ స్పెల్‌నే మోస్తుంది, పక్కవాడిది కాదు, కాబట్టి విజార్డ్ గారి గుడ్లగూబతో మీ క్యూర్ వూండ్స్ పంపుదామంటే కుదరదు.

ప్రశ్న: మా సీనియర్ ఒకాయన "మా రోజుల్లో లెవెల్ పెరిగితే రేంజ్ కూడా పెరిగేది" అంటాడు. కోతలేనా?
– అనుమానం

జవాబు: నిజమే చెప్తున్నాడు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో రేంజ్‌లు ఎక్కువగా క్లోజ్, మీడియం, లాంగ్ అని ఉండేవి. క్లోజ్ అంటే 25 అడుగులు, ప్రతి రెండు లెవెల్స్‌కి ఇంకో 5. మీడియం 100, లెవెల్‌కి 10. లాంగ్ 400, లెవెల్‌కి 40. ఫైర్‌బాల్ లాంగ్, అంటే ఐదో లెవెల్ విజార్డ్‌కే 600 అడుగులు! అంతకు ముందు 1978 పుస్తకంలో అయితే రేంజ్ అంగుళాల్లో ఉండేది, లోపల ఆడితే అంగుళానికి 10 అడుగులు, బయట ఆడితే 10 గజాలు. ఐదో లెవెల్‌లో ఫైర్‌బాల్‌కి 15 అంగుళాలు వచ్చేవి, గుహలో 150 అడుగులు, మైదానంలో 450. మంట పరుచుకునే కొలత మాత్రం ఎక్కడైనా అడుగుల్లోనే ఉంచాలి, అది మర్చిపోయి దాన్ని కూడా గజాల్లోకి మార్చేస్తే సైన్యాలే లేచిపోతాయి.

ప్రశ్న: శత్రువు పక్క గడిలోనే ఉన్నాడు. ఫైర్ బోల్ట్ వేయొచ్చా?
– తొందరలో ఉన్నా

జవాబు: వేయొచ్చు, మినిమమ్ రేంజ్ అంటూ లేదు. కానీ 5 అడుగుల్లో మిమ్మల్ని చూడగలిగే శత్రువు ఉంటే దూరం నుంచి చేసే ఏ ఎటాక్ రోల్‌కైనా డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి). సేవ్ అడిగే స్పెల్స్‌కి ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ పాచిక వేసేది మీరు కాదు.