పైకం పడందే మూట కదలనివ్వకు

చి. బుజ్జికి మంగళగిరి నుంచి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ మావయ్యకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, అయినా గుంట మగ్గంలో దిగడం మానడు. నువ్వు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం కంటే టెన్షనే ఎక్కువ వినిపించింది. "ఈ మోసాలవీ దానికేం తెలుసక్కా, నువ్వు కాస్త చెప్పు" అన్నాడు. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అంటూ వేరే పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

చీర గురించి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నిజాం అంచు ఎలా ఉంటుందో, ఏది మగ్గం మీదిదో ఏది మరమగ్గానిదో చిన్నప్పుడే చేత్తో పట్టుకుని చెప్పేదానివి. నీకు తెలియాల్సింది డబ్బు వచ్చే దారి, మూట పోయే దారి. ఈ రెండు దారుల్లోనూ నేను దెబ్బలు తిన్నాను.

మొదటి దెబ్బ వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెట్టిన ఏడాదే తగిలింది. ఒకావిడ ఫోన్ చేసి పెట్టుబడి చీరలు ఆరు కావాలంది. ఎల్లుండి పెళ్లి, ఈ రాత్రి బస్సుకే వేయాలి అంది. బేరం కూడా ఆడలేదు, నాకు అక్కడే అనుమానం రావాల్సింది. పెట్టుబడి చీరలకు బేరం ఆడని ఆడది ఉంటుందా! పది నిమిషాల్లో డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వచ్చింది, వెనకాలే "మీ ఖాతాలో 9,600 జమ" అని మెసేజ్ కూడా వచ్చింది. మీ మావయ్య పరుగున వెళ్లి మూట బస్సులో వేసి వచ్చాడు. పొద్దున్నే బ్యాంకు చూసుకుంటే ఒక్క రూపాయి లేదు. ఆ మెసేజ్ బ్యాంకు పంపింది కాదు, మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చింది. మీ మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. స్క్రీన్‌షాట్ అంటే బొమ్మ, అంతే. మెసేజ్‌ను కూడా లెక్కలోకి తీసుకోను. బ్యాంకు యాప్ నేనే తెరిచి, నిల్వ పెరిగిందో లేదో చూసుకున్నాకే మూటకు చిరునామా రాస్తాను. అవతలివాళ్లు ఎంత తొందరపెడితే నేను అంత నిదానంగా ఉంటాను. "మా ఆయన చూసి చెప్పాలండీ" అంటాను. నిజానికి ఆయనకు ఆ యాప్ తెరవడం కూడా రాదు. నిజంగా కొనేవాళ్లు పది నిమిషాలు ఆగుతారు, ఆగనివాళ్లతో మనకు బేరం వద్దు.

ఇంకో రకం వాళ్లు సైన్యంలో పనిచేస్తున్నామని చెబుతారు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు కూడా పంపిస్తారు. "మాకు డబ్బు పంపే పద్ధతి వేరమ్మా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అంటారు. ముందు ఒక రూపాయి పంపి నమ్మిస్తారు కూడా. పాత సామాన్లు అమ్ముకునేవాళ్లను కూడా ఇలాగే ముంచుతారు. నీ పాత సోఫా అమ్మకానికి పెట్టబోతున్నావటగా, జాగ్రత్త. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అవతలివాళ్లు చెప్పారని పిన్ కొట్టామంటే మన డబ్బు పోతోందనే అర్థం. మనుషుల మధ్య "డబ్బు పంపండి" అని రిక్వెస్టు పెట్టే సదుపాయాన్ని 2025 అక్టోబరు నుంచి తీసేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. స్కాన్ చేయించే దారి మాత్రం ఇంకా తెరిచే ఉంది.

మరొకటి దీనికంటే కష్టం, ఎందుకంటే అందులో డబ్బు నిజంగానే పడుతుంది. 1,800 చీరకు 18,000 వేసి, "అయ్యో, ఒక సున్నా ఎక్కువ కొట్టాను, మిగతాది ఈ నంబరుకు తిప్పి పంపండి" అంటారు. మనం మంచివాళ్లం కదా, పంపేస్తాం. ఆ డబ్బు వాళ్లు ఇంకెవరినో మోసం చేసి మన ఖాతాలో వేయించింది అయి ఉండొచ్చు. ఆ పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు మన ఖాతాను ఫ్రీజ్ చేయిస్తారు. నూలు కొనడానికి డబ్బు తీయలేక, కూలీ ఇవ్వలేక తిరగాల్సి వస్తుంది. అలా ఎవరైనా అడిగితే "మీ బ్యాంకులో చెప్పండి, వాళ్లు మా బ్యాంకుతో మాట్లాడతారు" అని, నువ్వు కూడా నీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజెయ్యి. ఆ మిగతా డబ్బు ముట్టుకోకు. ఇంకో మాట, చీరల డబ్బుకు వేరే ఖాతా పెట్టుకో. జీతం పడే ఖాతాలో కలపకు.

ఇక మూట సంగతి. మోసం కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే.

మంగళగిరి నూలు చీర గంజి మడత మీద అందంగా ఉంటుంది, కానీ తడి తగిలిందా ఇక అంతే. ఒక శ్రావణమాసంలో ఎర్ర చీర, తెల్ల చీర కలిపి ఒకే కవర్లో పంపాను. కొరియర్ వాళ్ల దగ్గర మూట వర్షంలో తడిసింది, ఎరుపు తెలుపు మీదికి ఎక్కింది. నేను వాళ్లతో పోట్లాడాను, వాళ్లు రసీదు వెనక సన్న అక్షరాల్లో రాసినది చూపించారు. బీమా కట్టని మూటకు వాళ్లిచ్చే పరిహారం చీర అంచు ఖరీదు కూడా చేయదు. ఇప్పుడు ఏ చీరకు ఆ చీరను వేరే పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి అతికించి, అన్నీ కలిపి మళ్లీ ఇంకో సంచిలో పెడతాను. కలరా ఉండలు వేయను. వాసనకు వాసన, జరీకి తగిలితే నల్లబడటం ఒకటి.

పైన తప్పకుండా ఒక అట్టముక్క పెట్టు. నువ్వు నవ్వుతావేమో, మూట తెరిచేవాళ్లు బ్లేడుతో సర్రున కోస్తారు, బ్లేడు చీర మడతల్లోకి దిగుతుంది. ఆరు మడతల్లో ఒకేచోట గాటు పడిన పట్టు చీర తిరిగి నా చేతికి వచ్చినప్పుడు అన్నం సహించలేదు. అట్టముక్క మీద "బ్లేడు వాడకండి, ఇక్కడ లాగండి" అని పెద్దగా రాయి. లోపల కూడా ఒక చీటీ మీద పంపినవాళ్ల, అందుకోవాల్సినవాళ్ల చిరునామాలు పెట్టు. పైన అంటించిన కాగితం ఊడిపోయినా మూట దిక్కు లేనిదవదు.

పెద్ద అట్టపెట్టె గొప్పగా ఉంటుందని వాడకు. కొరియర్ వాళ్లు బరువుతో పాటు సైజు కూడా లెక్కగడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. 40, 30, 15 ఉన్న పెట్టె 3.6 కిలోల కింద పడుతుంది, లోపల కిలో చీరలే ఉన్నా సరే. స్పీడ్ పోస్టులో పంపితే ఇంట్లోనే త్రాసు మీద తూచుకో. 500 గ్రాములు కాస్త దాటినా పై స్లాబు పడుతుంది, ఒక్కోసారి ఆ కాస్తా నువ్వు చుట్టిన టేపు బరువే.

చిరునామా దగ్గర బద్ధకం పనికిరాదు. "కొత్తపేట" అని పంపిందొకావిడ. గుంటూరులో కొత్తపేట ఉంది, హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ పక్కన కొత్తపేట ఉంది, కోనసీమలో ఇంకొకటి ఉంది. మనకు ఊళ్లకు పేర్లు పెట్టే ఓపిక ఎప్పుడూ లేదు! 1972లో పిన్‌కోడ్ తెచ్చింది ఇలాంటి గందరగోళానికే. 522తో మొదలైతే గుంటూరు వైపు, 500 అయితే హైదరాబాదు. చిరునామా వాళ్లచేతే టైపు చేయించు, ఊరికీ పిన్‌కోడ్‌కీ పొంతన ఉందో లేదో చూసి, తిరిగి వాళ్లకే పంపి "ఇదే కదండీ" అని అడుగు. ఆ "అవును" దాచుకో.

వస్తువు అందాక డబ్బు తీసుకునే పద్ధతి మొదట్లో పెట్టుకోకు. తలుపు దగ్గర "వద్దు" అంటే చాలు, పోనూ రానూ ఖర్చు మన నెత్తినే. మరీ తప్పకపోతే 200 ముందు వేయించుకో. ఆ 200 వేయడానికి సందేహించేవాళ్లు తలుపు కూడా తీయరు.

తిరిగి వచ్చే చీరలతో ఇంకో చిక్కు. మనం పంపింది ఒకటి, వెనక్కి వచ్చింది మరొకటి. సూరత్ నుంచి వచ్చే నాసిరకం చీర పెట్టి పంపినవాళ్లున్నారు. నేను పమిట చెంగు లోపలి మూలన నీలం దారంతో మూడు పోగుల గుర్తు కుడతాను. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు, నువ్వు నీ గుర్తు వేరే పెట్టుకో. చీర పెట్టడం దగ్గర్నుంచి చిరునామా అంటించేదాకా ఆపకుండా వీడియో తీయి. కొన్నవాళ్లు కూడా తెరిచేటప్పుడు వీడియో తీయాలని, లేకపోతే లోపం ఒప్పుకోమని అమ్మేముందే చెప్పు. చెప్పడానికి మొహమాటపడ్డావా, తర్వాత గొడవే.

నువ్వు కొనేటప్పుడు కూడా ఇవన్నీ తిరగేసి చూసుకో. ఇన్‌స్టాగ్రామ్‌లో "చేనేత గద్వాల 999" అని కనిపిస్తే గద్వాల నేతకు ఎన్ని రోజులు పడుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. కామెంట్లు మూసేసిన పేజీ, చిరునామా లేని పేజీ అయితే అక్కడితో ఆపెయ్. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకాల వేదికలు ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు చూపించాలి, ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కు ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. కస్టమర్ కేర్ నంబరు మాత్రం గూగుల్‌లో వెతక్కు. అక్కడ దొంగలు పెట్టిన నంబర్లు కూడా ఉంటాయి. యాప్ లోపల ఉన్నదే వాడు.

మూట కోసం ఎదురుచూసేటప్పుడు మనిషి మెతకబడతాడు. "చిరునామా సరిగా లేదు, 5 రూపాయలు కట్టండి" అని తపాలా శాఖ పేరుతో లింకు వస్తుంది, నొక్కకు. కొరియర్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, తెరవకు. డెలివరీ కుర్రాడినంటూ "స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు నొక్కండమ్మా" అన్నాడంటే నీ కాల్స్ వాడి ఫోన్‌కు మళ్లించుకుంటున్నాడన్నమాట, ఓటీపీలు చెప్పే కాల్స్‌తో సహా. పొరపాటున నొక్కితే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ కొట్టి రద్దు చెయ్యి. "మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియో కాల్‌లో పోలీసు టోపీ కనిపిస్తే కట్ చేసెయ్. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా దెబ్బ తగలొచ్చు. తగిలితే ముందు సిగ్గు పక్కన పెట్టి 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. మా వీధిలో ఒకాయన ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని రెండు రోజులు దాచాడు, ఈలోగా డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోయింది. మొదటి గంటలోనే చెబితే దారిలో ఆపే వీలుంటుంది. యూపీఐ లావాదేవీ కింద 12 అంకెల నంబరు ఉంటుంది, ఫోన్ చేసేముందు అది కాగితం మీద రాసుకో. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టు, బ్యాంకుకు కూడా చెప్పు. ఆ తర్వాత నాకు చెయ్యి, ఏ రాత్రయినా సరే. మీ నాన్నకు ఎప్పుడు చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

నీ మొదటి సరుకుగా పన్నెండు చీరలు రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. రెండు సంచులు, పైన అట్టముక్క, లోపల చీటీ. తెరిచేటప్పుడు వీడియో తీసి పంపు. అత్తయ్యే కదా పంపింది అని ఊరుకున్నావో, తర్వాత పదకొండే ఉన్నాయంటే ఒప్పుకోను. డబ్బు నెమ్మదిగా పంపొచ్చు. పంపాక స్క్రీన్‌షాట్ పెట్టకు, నేను నమ్మను.

మీ అత్తయ్య