ఆ ఫారంలో ఏదీ దాచకు

అమ్మలూ,

పాపను పది రోజుల అడవి క్యాంపుకు పంపుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చీకటి పడితే నా కొంగు వదలని దానివి, నీ కూతురు టెంటులో పడుకోబోతోందా! సంతోషంగానే ఉంది, గుండెలో దడగానూ ఉంది.

బట్టలు, టార్చి, టోపీ సంగతి వాళ్లిచ్చే జాబితాలో ఉంటుంది. కొత్త బూట్లయితే ముందే తొడిగించి నాలుగు రోజులు నడిపించు.

ఫొటోలు చూసి మురిసిపోకుండా ఫోన్ చేసి అడుగు. రాత్రి పిల్లల దగ్గర ఎవరుంటారు, ఎంతమందికి ఒకరు? 9 నుంచి 14 ఏళ్ల పిల్లలైతే రాత్రి బసలో 8 మందికి ఒకరుండాలని అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం. ఉరుమితే ఏం చేస్తారు? చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాకే బయటికి వదులుతామని టక్కున చెప్పాలి. ఇక నీళ్లు. మునిగిపోయే పిల్ల అరవదమ్మా. ఊపిరే అందనప్పుడు అరుపెక్కడిది? 'మేమంతా అక్కడే ఉంటాం' అంటే ఒప్పుకోకు. నీళ్ల మీంచి చూపు తిప్పకపోవడమే పనిగా ఒక మనిషుండాలి.

నీళ్లంటే పెద్దమ్మకు చాదస్తం అని నవ్వుకుంటావు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను.

మీ అన్నయ్యకు పదేళ్లప్పుడు నిద్రలో నడిచే అలవాటుండేది. క్యాంపు ఫారంలో ఆ ప్రశ్న ఉంది. వాడేమో పదిహేను రోజుల ముందు నుంచే బ్యాగు సర్దుతున్నాడు, తీస్తున్నాడు, మళ్లీ సర్దుతున్నాడు. ఉన్నది రాస్తే చేర్చుకోరేమోనని భయపడి 'లేదు' అని టిక్కు పెట్టాను. మూడో రాత్రి వాడు టెంటు జిప్పు తీసుకుని నడుచుకుంటూ పోయాడు. వాగు పక్కనే ఉంది. ఒంటికి లేచిన ఇంకో పిల్లాడు చూసి కేకవేయబట్టి సరిపోయింది.

తెల్లారి నేను పరుగెత్తుకెళ్తే ఆ క్యాంపు పెద్దాయన తిట్టలేదు. "ముందే చెప్పుంటే టెంటు గుమ్మానికి అడ్డంగా నేనే పడుకునేవాణ్నమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. అంత చిన్న ఏర్పాటు! మీ అన్నయ్యకైతే ఏమీ గుర్తులేదు. "అప్పుడే ఎందుకొచ్చావ్, ఇంకా నాలుగు రోజులుందిగా" అని నా మీదే విసుక్కున్నాడు. వదిలేసి వచ్చాను. ఆ నాలుగు రాత్రులూ ఆయన అడ్డంగానే పడుకున్నాడట. నాకే కంటిమీద కునుకు లేదు.

అందుకే చెప్తున్నా, పాప ఆయాసం సంగతి రాయి. 'ఏడాదిగా రాలేదుగా' అని వదిలేస్తావు, నీ సంగతి నాకు తెలీదూ! ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో పెడతామంటే కుదరదని చెప్పు, పాప ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్లాలి. దుమ్ము పడదని కూడా రాయి. చోటు చాలకపోతే ఇంకో కాగితం జతచెయ్యి.

ఇంకొక్కటి. 'బెంగొస్తే వచ్చి తీసుకెళ్తాను' అని మాత్రం పాపకు మాటివ్వకు. ఆ మాట ఇస్తే మొదటి రోజు నుంచీ నీ కోసం దారి చూస్తుంది.

వెళ్లేముందు రెండు రాత్రులు మా ఇంటికి పంపు. నువ్వు రావద్దు. నువ్వు లేకుండా పడుకోవడం దానికి అలవాటవ్వాలి, అది లేకుండా నీకూ అలవాటవ్వాలి. ఏం భయపడకు, గుమ్మానికి అడ్డంగా నేను పడుకుంటాను.

మీ పెద్దమ్మ