వోల్విక్ నీళ్లలో మా పప్పు ఉడికింది

"ఫ్రాన్స్‌లో దొరికే వోల్విక్ బ్రాండు సీసా నీళ్లు అగ్నిపర్వతాల నీళ్లట కదా, రుచిలో నిజంగా తేడా ఉంటుందా, లేక ఉత్త బిల్డప్పా?" అని అడిగారు. రుచి సంగతి తర్వాత, ముందు పప్పు సంగతి వినండి.

పారిస్‌లో చదువుకునేటప్పుడు నలుగురం కలిసి వండుకునేవాళ్లం. అక్కడి కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కట్టేది, టీ మీద తెట్టు తేలేది. అవన్నీ సర్దుకున్నాం గానీ, కందిపప్పు మాత్రం గంట ఉడికినా పలుకుగానే ఉండేది. కుక్కర్ లేదు మరి. ఒక ఆదివారం ఏదో రిపేరని నీళ్లు ఆపేశారు. మూలన లీటరున్నర వోల్విక్ సీసా ఉంటే గిన్నెలో వంపేశాను. "తాగే నీళ్లతో పప్పేంట్రా, డబ్బులెక్కువయ్యాయా?" అని రూమ్మేట్ ఒకటే అరుపు. అరగంటకి గరిటెతో నొక్కి చూస్తే పప్పు వెన్నలా నలిగింది. రెండోసారి వడ్డించుకున్నది వాడే! రాత్రంతా నానబెట్టావు కాబట్టే ఉడికిందని ఇప్పటికీ వాదిస్తాడు. నేను ఒప్పుకోను.

సీసా మీదే రాసి ఉంటుంది చూడండి, లీటరుకు కాల్షియం (పప్పుని ఉడకనివ్వని ఆ సున్నం ఇదే) 12 మిల్లీగ్రాములు. ఎవియాన్ అనే ఇంకో బ్రాండు నీళ్లలో 80. ఎవియాన్ ఆల్ప్స్ నీళ్లు. వోల్విక్ ఓవెర్న్య్ ప్రాంతానిది, అక్కడ వాన నీరు సున్నపురాయిలోంచి కాక లావా పొరల్లోంచి దిగుతుంది. అగ్నిపర్వతం అనగానే వేడి నీళ్లనుకుంటారు కొందరు. ఆ అగ్నిపర్వతాలు చల్లారి వేల ఏళ్లయింది, ఊట చల్లగానే ఉంటుంది. 2018లో ఆ కొండల వరసకి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. దగ్గర్లోని క్లెర్మోఁ ఫెరాఁ ఊళ్లో కెథడ్రల్ (పెద్ద చర్చి) కట్టింది వోల్విక్ లావా రాయితోనే, బొగ్గులా నల్లగా ఉంటుంది. ఒకసారి అక్కడికి వెళ్లినప్పుడు మెడ నొప్పెట్టేదాకా చూశాను.

అన్నట్టు ఆ ట్రిప్‌లోనే ఒక హోటల్లో నీళ్లు అడిగితే సీసా మూత తీసి మరీ పెట్టి బిల్లులో వేశారు. ఫ్రాన్స్‌లో భోజనానికి కూర్చుంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, "కరాఫ్ దో" (జగ్గుతో నీళ్లు) అని అడగాలంతే. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు, మీరైనా గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ రుచా? చప్పగా ఉంటుంది. టీకి, పప్పుకి కావాల్సింది ఆ చప్పదనమే. ఉత్తగా తాగడానికైతే నేను కొనను.