బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఇప్పుడు ఎలా ఉంది? అక్కడివాళ్లు యుద్ధం గురించి మాట్లాడతారా?

మాట్లాడతారు. మీరు అడగక్కర్లేదు కూడా, మామూలు కబుర్లలోనే వచ్చేస్తుంది.

2018లో ప్రాజెక్ట్ పని మీద నాలుగు నెలలు బోస్నియా రాజధాని సరయేవోలో ఉన్నాను. మా టీమ్‌లో టూజ్లా అనే ఊరి అమ్మాయి ఒకామె ఉండేది. "జులైలో మా పెద్దమ్మ దగ్గరికి వెళ్తున్నా, వస్తావా?" అంటే బయల్దేరాను. కారులో మూడు గంటల పైనే పట్టింది. పెద్దమ్మ ఇల్లు పొటోచారి ఊరి పైన, కొండవాలులో. అక్కడి నుంచి స్రెబ్రెనిత్సా టౌన్ ఆరు కిలోమీటర్లు ఉంటుంది.

అటువైపు కొండలు పచ్చగా ఉంటాయి. తీగలకు కట్టిన రాస్ప్‌బెర్రీ తోటలు, రేగిపండ్లలాంటి పండ్లు కాసే ప్లమ్ చెట్లు. మధ్యమధ్యలో పైకప్పు లేని ఇళ్లు, వాటి లోపలి నుంచి చెట్లు మొలిచి ఉంటాయి. 1991 జనాభా లెక్కల్లో ఆ మున్సిపాలిటీలో 36 వేల పైచిలుకు మనుషులు. 2013 లెక్కలకు 13 వేలే మిగిలారు.

వెళ్లగానే పెద్దమ్మ కాఫీ పెట్టింది. పొడుగు పిడి ఉన్న రాగి గిన్నె, పిడి లేని చిన్న కప్పులు. చక్కెర బిళ్ల కాఫీలో ముంచి కొరుక్కుని, పైన ఒక గుక్క తాగాలి. నన్ను "సినే" అని పిలిచింది. బాబూ, కొడుకా అని అర్థం. మనవాళ్లు ఎవరింటికి వెళ్లినా అడిగినట్టే నేనూ అడిగాను: "పిల్లలెంతమంది పెద్దమ్మా?"

రెండు వేళ్లు చూపించింది. "పెద్దవాడు కింద ఉన్నాడు, చిన్నవాడు ఇంకా టూజ్లాలోనే."

"టూజ్లాలో ఉద్యోగమా?" అన్నాను. మా ఫ్రెండ్ ఆ మాట అనువాదం చెయ్యలేదు. కాసేపాగి, కిటికీలోంచి కింద లోయలో వరసగా కనిపిస్తున్న తెల్లని సమాధి రాళ్లు చూపించింది. అప్పటికి గానీ నాకు తెలియలేదు. చిన్నవాడి ఎముకలు కొన్ని టూజ్లాలో, మృతదేహాలను గుర్తించే కేంద్రంలో ఉన్నాయి.

1992-95 బోస్నియా యుద్ధం నడుస్తుండగా, 1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి స్రెబ్రెనిత్సాను సురక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కాపలాకి డచ్ సైనికులు ఉండేవారు. 1995 జులై 11న రాట్కో మ్లాదిచ్ నాయకత్వంలోని బోస్నియా సెర్బ్ సైన్యం ఊరిని పట్టుకుంది. అక్కడున్న బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) ఆడవాళ్లను, చిన్నపిల్లలను బస్సుల్లో పంపేశారు. మగవాళ్లను, ఎదిగిన మగపిల్లలను కొద్ది రోజుల్లోనే చంపేశారు. పొటోచారి స్మారక శిలపై చెక్కిన సంఖ్య 8372. తర్వాత ఆ నేరాన్ని దాచడానికి శవాలు పూడ్చిన గోతులను బుల్డోజర్లతో మళ్లీ తవ్వి, వాటిని వేరే చోట్లకు తరలించారు. అందుకే ఒకే మనిషి ఎముకలు నాలుగైదు గోతుల్లో దొరికిన సందర్భాలున్నాయి. బంధువుల రక్తం తీసుకుని, డీఎన్ఏ పోల్చి ఎవరివో తేలుస్తారు.

తేలాక కుటుంబానికి కబురు వస్తుంది. దొరికినంతవరకే పూడ్చిపెడతారా, మిగతావి దొరికేదాకా ఆగుతారా అని. పెద్దమ్మ చిన్నకొడుకువి చేతి ఎముకలు మాత్రమే దొరికాయి. అప్పటికి ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు. మన దగ్గర మూడో రోజున అస్థికలు ఏరి గోదావరిలో కలిపేస్తాం. మా నాన్నవి నేనే ఏరాను, అరగంట పని. ఆవిడకు ఇరవై మూడేళ్లయినా అది పూర్తి కాలేదు.

ఆ ఏడాది జులై 11న 35 మందిని ఖననం చేశారు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన పెట్టెల్ని జనం చేతుల మీదుగా అందించుకుంటూ తీసుకెళ్తారు. ఒకటి నా వైపు వస్తే నేనూ చెయ్యి వేశాను. బరువే లేదు.

సెర్బుల సంగతి కూడా అడుగుతారేమో. పెద్దమ్మకు గడ్డి కోసిపెట్టేది పక్క పొలంలోని సెర్బ్ ముసలాయనే. వాళ్లకీ పోయినవాళ్లున్నారు. 1993 జనవరి 7న, వాళ్ల క్రిస్మస్ రోజున, దగ్గర్లోని క్రావిత్సా అనే సెర్బుల ఊరి మీద బోస్నియాక్ బలగాలు దాడి చేశాయి. ఆ దుఃఖమూ నిజమే. కానీ "రెండు వైపులా తప్పుంది కదా" అని మాత్రం దయచేసి అక్కడ అనకండి. స్రెబ్రెనిత్సాలో జరిగింది జాతి నిర్మూలనే అని హేగ్ యుద్ధనేరాల ట్రిబ్యునల్ 2004లో అప్పీలులో కూడా ఖాయం చేసింది, 2007లో అంతర్జాతీయ న్యాయస్థానమూ అదే చెప్పింది. అయినా కాదనేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు. ఆ మాట ఆ తల్లులకు ఎంత నొప్పో నేను కళ్లారా చూశాను.

వెళ్లాలనుకుంటే జులై 11 రద్దీలో కాకుండా జూన్ చివర్లో వెళ్లండి, తోటల్లో పండ్లు కోస్తుంటారు. స్మశానం, ఎదురుగా డచ్ సైనికుల స్థావరంగా ఉండిన పాత బ్యాటరీ ఫ్యాక్టరీ చూడటానికి సగం రోజు పెట్టుకోండి. ఫోటోలు అడిగి తీయండి. ఎవరైనా ఇంట్లోకి పిలిచి కాఫీ ఇస్తే, రెండో కప్పు వద్దనకండి. చాలామంది అసలు మాట మొదలుపెట్టేది అప్పుడే.