ఎంటీఏ పేరోల్ ట్యాక్స్ నుంచి కమ్యూనిటీ కాలేజీలను మినహాయించడం న్యాయమేనా?

మీ అబ్బాయి న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ వ్యాలీలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చేరుతున్నాడనీ, కాలేజీలు కూడా రైళ్ల కోసం పన్ను కడతాయని విని ఆశ్చర్యపోయాననీ రాశారు. మినహాయింపు ఇస్తే, న్యూయార్క్ ప్రాంతంలో రైళ్లూ బస్సులూ నడిపే ప్రభుత్వ సంస్థ ఎంటీఏ దెబ్బతినదా అని కూడా అడిగారు. అదే ప్రాంతంలో ఒక కమ్యూనిటీ కాలేజీ పేరోల్ సెక్షన్‌లో కొన్నేళ్లు పనిచేశాను. మినహాయింపు ఇవ్వాలనే నా అభిప్రాయం. అయితే ఆ నష్టాన్ని ఎంటీఏ మీదికి నెట్టకూడదు.

ఈ పన్ను 2009లో వచ్చింది. అప్పట్లో ఎంటీఏ ఖజానా ఖాళీ అయ్యే స్థితిలో ఉంది. న్యూయార్క్ సిటీతో పాటు నాసా, సఫోక్, వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్, ఆరెంజ్, పుట్నమ్, డచెస్ కౌంటీల్లో జీతాలిచ్చే దాదాపు ప్రతివాళ్ల మీదా వంద డాలర్ల జీతానికి 34 సెంట్ల చొప్పున వేశారు. ఇది ఉద్యోగి జీతంలోంచి కోసేది కాదు, యజమాన్యమే కట్టాలి. చాలామంది పే స్టబ్‌లో (జీతం చీటీలో) వెతుక్కుంటారు, అక్కడ కనిపించదు. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్) పన్నుకు ఉన్నట్టు జీతం మీద గరిష్ఠ పరిమితి కూడా దీనికి లేదు.

మూడు నెలలకోసారి ఈ పన్ను లెక్క చూపే ఎంటీఏ-305 ఫారం నింపేటప్పుడు నాకు మనసుకు కష్టంగా ఉండేది. ఉదాహరణకు ఏడాదికి మూడు కోట్ల డాలర్ల జీతాల బిల్లు ఉన్న కాలేజీ తీసుకోండి. 0.34 శాతం అంటే లక్షా రెండు వేల డాలర్లు. పెద్ద యూనివర్సిటీకి అదొక లెక్క కాదు. కానీ మా దగ్గర సాయంత్రం క్లాసులు ఎక్కువగా అడ్‌జంక్ట్‌లే (కోర్సు లెక్కన పెట్టుకునే పార్ట్‌టైం లెక్చరర్లు) చెబుతారు, కోర్సుకు వాళ్లకిచ్చేది కొన్ని వేల డాలర్లే. బడ్జెట్ బిగుసుకున్నప్పుడు మొదట ఎగిరిపోయేవి ఆ సాయంత్రం క్లాసు సెక్షన్లే. పగలంతా పనిచేసి రాత్రి ఏడు గంటలకు అనాటమీ ల్యాబ్‌కి వచ్చే పిల్లకు, ఆ సెక్షన్ తీసేస్తే ఇంకో సెమిస్టర్ ఆగడం తప్ప దారి ఉండదు.

ఇక ఆ డబ్బు ఎక్కడిదో చూడండి. కమ్యూనిటీ కాలేజీకి మూడు వైపుల నుంచి డబ్బు వస్తుంది: రాష్ట్రం, స్పాన్సర్ చేసే కౌంటీ, విద్యార్థి కట్టే ఫీజు. అంటే రాష్ట్రం ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో కొంత వెనక్కి తీసుకుంటోంది. దాంతో పాటు కౌంటీ ప్రాపర్టీ ట్యాక్సులోంచీ, మీ అబ్బాయి ఫీజులోంచీ కొంత పోతోంది.

ఇదే మాట మీద 2011 డిసెంబర్‌లో చట్టం మార్చి, హైస్కూలు దాకా ఉన్న స్కూళ్లన్నిటికీ, ప్రైవేటు స్కూళ్లతో సహా, మినహాయింపు ఇచ్చారు. 2016 నుంచి పబ్లిక్ లైబ్రరీలకూ ఇచ్చారు. పన్నెండో తరగతి వరకు చదువు ప్రజల సొత్తయితే, అదే పిల్లవాడు అదే కౌంటీలో చదివే పదమూడో ఏడాది ఎందుకు కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రైవేటు యూనివర్సిటీల సంగతి వేరు, వాటికి ఇవ్వమని నేను అడగను.

కొందరు ‘మాకు రైలే లేదు, మేమెందుకు కట్టాలి’ అని వాదిస్తారు. ఆ బాధ నిజమే. ఆరెంజ్ కౌంటీలో పోర్ట్ జెర్విస్ లైన్ ఉంది, బళ్లు తక్కువ, మన్‌హాటన్ వెళ్లాలంటే న్యూజెర్సీలోని సికాకస్‌లో దిగి మారాలి. నాసా కౌంటీలో ఇంకా విచిత్రం: లాంగ్ ఐలాండ్ బస్సులను ఎంటీఏ 2011 చివర్లో వదిలేసింది, ఇప్పుడు కౌంటీ ఓ ప్రైవేటు సంస్థతో నడిపిస్తోంది. అంటే నాసా కమ్యూనిటీ కాలేజీకి బస్సులో వచ్చే పిల్లలు ఎక్కేది ఎంటీఏ బస్సు కాదు, కాలేజీ జీతాల మీద పన్ను మాత్రం ఎంటీఏకే.

అయినా ఈ వాదన మీద నేను నిలబడను. మా విద్యార్థుల ఇళ్లలో ఎందరో తల్లిదండ్రులు బీకన్ స్టేషన్‌లో కారు పెట్టి, ఎంటీఏ రైల్లో మన్‌హాటన్‌లోని గ్రాండ్ సెంట్రల్‌కు వెళ్లొచ్చేవాళ్లు. వాపింగర్స్ ఫాల్స్, ఫిష్‌కిల్ వైపు ఉండే మన తెలుగువాళ్లను అడగండి, ఆ రైలు ఎంత అవసరమో చెబుతారు. ఎవరికి వారు ‘మేం ఎక్కం’ అంటూ తప్పుకుంటే ఆ రైలూ ఉండదు. కమ్యూనిటీ కాలేజీ పబ్లిక్ చదువు కాబట్టి మినహాయింపు అడగాలి. ఆ లెక్కన సబ్‌వే మధ్యలో ఉన్న న్యూయార్క్ సిటీ కమ్యూనిటీ కాలేజీలు లగ్వార్డియా, హోస్టోస్‌లకూ అది దక్కాలి. పైగా 2023లో పెద్ద జీతాల బిల్లులకు రేటు 0.60 శాతానికి పెంచింది సిటీలోనే.

ఎంటీఏ మాటకొస్తే, దానికీ దారి ఉంది. 2011లో స్కూళ్లకూ చిన్న వ్యాపారాలకూ మినహాయింపు ఇచ్చినప్పుడు ఏటా సుమారు 25 కోట్ల డాలర్ల లోటు వస్తుందని లెక్కగట్టారు, దాన్ని రాష్ట్ర ఖజానా నుంచి భర్తీ చేస్తామన్నారు. దాని పక్కన కమ్యూనిటీ కాలేజీల వాటా చాలా చిన్నది.

నిర్ణయం ఎంటీఏ చేతిలో లేదు, రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని శాసనసభది. మీ అసెంబ్లీ మెంబర్‌కీ సెనేటర్‌కీ ఉత్తరం రాసేటప్పుడు రెండూ కలిపి అడగండి: కాలేజీలకు మినహాయింపు, ఎంటీఏకి ఆ మేరకు భర్తీ. మొదటిది మాత్రమే అడిగితే ‘రైళ్లకు డబ్బెక్కడిది’ అని ఫైలు పక్కన పెట్టేస్తారు. మీ కౌంటీ లెజిస్లేచర్‌లో కాలేజీ బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ పెట్టినప్పుడు కూడా వెళ్లండి, వీలైతే మీ అబ్బాయినీ తీసుకెళ్లి మాట్లాడించండి.