షఫుల్‌బాటమ్ అనే ఇంటిపేరు ఎక్కడిది?

ఇంగ్లాండ్‌లో షఫుల్‌బాటమ్ అనే ఇంటిపేరు నిజంగా ఉందా, ఉంటే ఎలా వచ్చింది అని అడిగారు. ఉంది, కాకపోతే అరుదు. నేను మాంచెస్టర్‌లో పనిచేసిన రోజుల్లో మా టీమ్‌లోనే ఒకాయనది ఆ ఇంటిపేరు. ఇంగ్లీషులో 'బాటమ్' అంటే పిరుదులు అనే అర్థం కూడా ఉంది కదా, ఫోన్‌లో పేరు చెప్పాల్సి వస్తే, అవతలివాళ్లు నవ్వేలోపే గబగబా స్పెల్లింగ్ చెప్పేసేవారు పాపం.

నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు. పాత ఇంగ్లీషులో 'బోథ్మ్' అంటే లోయ అడుగుభాగం. ముందున్న ముక్క గొర్రెలు, వాగు అనే మాటలు కలిసి అరిగిపోగా మిగిలింది. మాంచెస్టర్‌కి ఉత్తరాన, బరీ దగ్గర షిప్పర్‌బాటమ్ అనే చోటు ఉండేది. అక్కడివాళ్లకు ఆ చోటే ఇంటిపేరైంది, మనలో చాలామందికి ఊరు ఇంటిపేరైనట్టు. ఆ పక్కనే రామ్స్‌బాటమ్ ఇప్పటికీ ఊరే. క్రికెటర్ రయాన్ సైడ్‌బాటమ్ ఇంటిపేరూ ఈ కోవలోదే, వెడల్పాటి లోయ అని.

మరి 'షఫుల్' ఎలా దూరింది? 1538లో, ఎనిమిదో హెన్రీ కాలంలో, ప్రతి చర్చిలో బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ వచ్చింది. జనంలో ఎక్కువమందికి చదువు రాదు. రాసేవాడు చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు. అసలు అర్థం మరుగున పడ్డాక, నోటికి అలవాటైన మాట ఆ చోట్లో కూర్చుంది. అందుకే షిప్పర్‌బాటమ్, షఫుల్‌బోథమ్, షూబాటమ్ అంటూ ఇన్ని రూపాలు.

మా టీమ్‌లోని ఆ షఫుల్‌బాటమ్ గారి పూర్వీకుల కోసం నేనూ కొన్ని సాయంత్రాలు పక్కన కూర్చుని వెతికాను. ఇంగ్లాండ్‌లో ప్రభుత్వ జనన మరణాల నమోదు 1837 జులైలో మొదలైంది. అంతకుముందు కాలానికి చర్చి రిజిస్టర్లే దిక్కు. బరీ రిజిస్టర్లు 1590 నుంచి ఉన్నాయి. లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ సైట్‌లో ఆ జిల్లా రికార్డులు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. ఒకే స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకండి. సొంత అన్నదమ్ములకే రెండు రకాలుగా రాసి ఉండొచ్చు.

ఇంకోటి. ఆయనకి ఎవరో 'షఫుల్‌బాటమ్ వంశచిహ్నం' అని ఫ్రేమ్ కట్టించి బహుమతిగా ఇచ్చారు. నన్నడిగితే అది డబ్బు దండగ. ఇంగ్లాండ్‌లో అలాంటి చిహ్నాన్ని ఒక వ్యక్తికి ఇస్తారు, ఆయన వారసులకు సంక్రమిస్తుంది. ఇంటిపేరు కలిసిన ప్రతివాడికీ చెందదు. ఆ డబ్బేదో పాత జనన సర్టిఫికెట్ కాపీకి పెట్టండి. అందులో తండ్రి పేరు, ఆయన చేసిన పని, తల్లి పుట్టింటి పేరు ఉంటాయి. వెనక్కి ఇంకో తరం వెతకడానికి అవి చాలు.