ఫ్యూయల్ కంట్రోలర్: బిగించే ముందు, బిగించాక

ప్రశ్న: నాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. సైలెన్సర్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాను. అప్పటినుంచి పికప్‌లో చిన్న వెలితి కనిపిస్తోంది. ఫ్యూయల్ కంట్రోలర్ పెట్టాల్సిందేనా? పెడితే పవర్ పెరుగుతుందా?

జవాబు: గాలి వచ్చే దారి, పొగ పోయే దారి రెండూ మార్చారు కాబట్టి మీ బండికి అవసరం ఉండే అవకాశమే ఎక్కువ. ఫిల్టర్, బెండు పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే గొట్టం) కంపెనీవే ఉంచి చివరి సైలెన్సర్ ఒక్కటే మార్చినవారికి సాధారణంగా దీనితో పని ఉండదు.

మోటార్‌సైకిళ్లలో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ దాదాపుగా ఉండదు. త్రాటిల్ ఎంత తెరిచారు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఇన్‌టేక్‌లో పీడనం ఎంత అన్నవి చూసి, కంపెనీ రాసిపెట్టిన పట్టిక ప్రకారం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పెట్రోలు లెక్కగడుతుంది. ఫిల్టర్ మారిన సంగతి ఆ పట్టికకు తెలియదు. కంట్రోలర్ ఈసీయూకి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌కి నడుమ కూర్చుని, ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయాన్ని మీరిచ్చిన శాతం మేరకు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. దాని పని అంతే. పెట్రోలు ఎక్కువ పోసినంత మాత్రాన పవర్ రాదు. పెరిగిన గాలికి సరిపడా పోస్తే మీరు చెప్పిన వెలితి తీరుతుంది.

ప్రశ్న: దీన్ని ఇంట్లో నేనే బిగించుకోవచ్చా? ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

జవాబు: పానాలు పట్టడం అలవాటున్నవారు నిశ్చింతగా చేసుకోవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, గాలి ఆడే చోట మొదలుపెట్టండి. ట్యాంకు పైకెత్తి ఊత పెడితే ఇంజెక్టర్ అందుతుందేమో ముందు చూడండి. అందితే పెట్రోలు పైపు ముట్టుకోనక్కర్లేదు. పైపు తీయక తప్పదంటే, చాలా బండ్లలో అందులో సుమారు 3 బార్ పీడనం ఉంటుందని గుర్తుంచుకోండి. పెట్రోలు పంపు కప్లర్ (వైర్లను కలిపే కనెక్టర్) ఊడదీసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, గుడ్డ చుట్టి పైపు క్లిప్పు నొక్కండి.

ఇంజెక్టర్ కప్లర్ తీసేటప్పుడు లాక్ నొక్కి కప్లర్‌నే పట్టి లాగాలి, వైర్లను కాదు. కంట్రోలర్ నుంచి వచ్చే జతలో ఒకటి ఇంజెక్టర్‌కి, రెండోది బండి వైరింగ్‌కి వెళుతుంది. రెండు, నాలుగు సిలిండర్ల బండైతే తీసే ముందే ఒక్కో కప్లర్‌కి టేపు చుట్టి నంబరు రాయండి. జతలు తారుమారైనా ఇంజిన్ స్టార్ట్ కావచ్చు. అందుకే ఈ తప్పు వెంటనే దొరకదు. స్లో స్పీడులో వణుకు, మిస్సింగ్ చూసి మ్యాప్ (కంట్రోలర్‌లో పెట్రోలు శాతాలు గడులుగా రాసిన పట్టిక) మీద అనుమానపడి రోజులు పోగొట్టుకుంటారు.

గ్రౌండ్ వైరును నేరుగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కే బిగించండి. రంగు వేసిన ఫ్రేమ్ బోల్టు కింద పెడితే మొదట్లో బాగానే ఉంటుంది. తుప్పు పట్టి, అదురుకి వదులయ్యాక కంట్రోలర్ పనిచేస్తూ ఆగుతూ ఉంటుంది.

కొన్ని కంట్రోలర్లు త్రాటిల్ సెన్సర్ వైరు నుంచి సిగ్నల్ తీసుకుంటాయి. కిట్‌లో ఇచ్చే, వైరును కొరికి పట్టే క్లిప్పులు లోపలి తీగలను తెంపుతాయి, వాటి దగ్గర తడి కూడా చేరుతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ ట్యూబు తొడిగితే ఆ బాధ ఉండదు.

చాలామంది మరిచిపోయేది త్రాటిల్ కాలిబ్రేషన్. బ్యాటరీ తిరిగి కలిపాక, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, త్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు 0, పూర్తిగా తెరిచినప్పుడు 100 శాతం అని సాఫ్ట్‌వేర్‌కి నేర్పాలి. త్రాటిల్ సెన్సర్ వోల్టేజి సాధారణంగా మూసినప్పుడు 1 వోల్టు లోపు, తెరిచినప్పుడు 4 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. ఇది చేయకపోతే మీరు 5 శాతం తెరిస్తే అది మ్యాప్‌లో 10 శాతం గడిలోని అంకెను వాడుకోవచ్చు. అప్పుడు ఎంత మంచి మ్యాప్ అయినా వృథా.

వైర్లు ఇగ్నిషన్ కాయిల్‌కి దూరంగా నడపండి. హ్యాండిల్‌ను రెండు పక్కలకూ చివరిదాకా తిప్పి ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడండి. పైపు తీసి ఉంటే దాన్ని క్లిక్ మనేలా తొడిగి, పంపు కప్లర్ పెట్టి, ట్యాంకు బిగించకముందే ఇగ్నిషన్ ఆన్ చేసి పెట్రోలు చెమ్మ ఉందేమో వెతకండి. అది పొడిగా ఉంటేనే స్టార్ట్ చేయాలి.

ప్రశ్న: కంట్రోలర్ పెట్టాను. తక్కువ త్రాటిల్‌లో 8 శాతం పెంచినా నాలుగు రోజుల్లో బండి మళ్లీ పాత దారికే వస్తోంది. ఎందుకు?

జవాబు: అది మీ ఆక్సిజన్ సెన్సర్ పని. కంపెనీ బిగించేది నారోబ్యాండ్ రకం. గాలి, పెట్రోలు మిశ్రమం 14.7:1కి అటా ఇటా అన్నదే చెబుతుంది, రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయితే 0.9 వోల్టుల వైపు, లీన్ (పెట్రోలు తక్కువ) అయితే 0.1 వైపు. నిలకడగా నడిపేటప్పుడు ఈసీయూ దాన్ని నమ్ముకుని, మీరు పెంచిన 8 శాతాన్ని రిచ్‌గా చూసి కోసేస్తుంది. రెండు దారులున్నాయి. ఆ ప్రాంతంలోని గడులను 0 దగ్గరే వదిలి, సెన్సర్ మాట వినని ఎక్కువ త్రాటిల్ గడుల్లోనే మార్పులు చేయడం మొదటిది. మామూలు రోడ్డు బండికి నేను దీన్నే చెబుతాను. మీ మోడల్‌కి తయారైన సెన్సర్ ఎలిమినేటర్ (సెన్సర్ బదులు ఆ కప్లర్‌కి తగిలించే ముక్క) పెట్టడం రెండోది. కప్లర్ ఊరికే ఊడదీసి వదిలేస్తే మాత్రం ఇంజిన్ లైటు వెలుగుతుంది.

ప్రశ్న: కంట్రోలర్‌తో వచ్చిన రెడీమేడ్ మ్యాప్ సరిపోతుందా? ఏ అంకె కోసం చూడాలి?

జవాబు: మొదలుపెట్టడానికి సరిపోతుంది. అదే సైలెన్సర్, అదే ఫిల్టర్ ఉన్న బండి మ్యాప్ అయితేనే. ఆపై వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో (మిశ్రమం ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది అంకెల్లో చూపే ఆక్సిజన్ సెన్సర్) కొలవాలి. దాన్ని బిగించడానికి పైపుకి వెల్డు చేసే బంగ్ (మర ఉన్న రింగు) ఎం18×1.5 మర. క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, సెన్సర్ మొన కిందికి చూసేలా, అడ్డంకన్నా కనీసం 10 డిగ్రీలు పైకి వంచి వెల్డు చేయించండి. లేదంటే పైపులో చేరే నీరు సెన్సర్‌ను చంపుతుంది.

లక్ష్యాన్ని లాంబ్డాలో పెట్టుకోండి. సరిపోలే నిష్పత్తి ఉంటే లాంబ్డా 1, అంతకన్నా తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్. మెల్లగా, నిలకడగా నడిపేటప్పుడు 0.97 నుంచి 1.0, పూర్తి త్రాటిల్‌లో 0.86 నుంచి 0.90, అంటే మామూలు పెట్రోలుకి గాలి, పెట్రోలు నిష్పత్తి దాదాపు 12.6 నుంచి 13.2. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి సరిపోలే నిష్పత్తే మారిపోతుంది, 10 శాతానికి సుమారు 14.1. లాంబ్డా 1 అన్నది మాత్రం ఏ పెట్రోలుకైనా ఒకటే.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే అంకెలు నమ్మండి. ఒకసారికి 3 శాతానికి మించి మార్చకండి. పక్క గడులను కూడా కొంచెం జరిపి మెట్టు లేకుండా చూడండి. పూర్తి త్రాటిల్ గడులను డైనో (బండిని నిలబెట్టి చక్రం తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీదే చేయించండి. రోడ్డు మీద మీటరు చూస్తూ నడపడం ప్రాణాలతో ఆట. ఏ గడికైనా 15 శాతం దాటి పెంచాల్సి వస్తే మ్యాప్ వదిలి, పెట్రోలు ఫిల్టర్, పంపు పీడనం చూడండి.

ప్రశ్న: త్రాటిల్ వదలగానే సైలెన్సర్‌లో టపటప పేలుతోంది. పెట్రోలు పెంచాలా?

జవాబు: తొందరపడకండి. ముందు బెండు పైపు గాస్కెట్, జాయింట్లు చూడండి. లీకు నుంచి గాలి చొరబడితే పేలుడు రావడమే కాదు, సెన్సర్ కూడా లీన్ అని అబద్ధం చెబుతుంది. దాన్ని నమ్మి పెట్రోలు పోస్తే ప్లగ్గు నల్లబడుతుంది, సిలిండర్ గోడ మీది ఆయిల్ కడుక్కుపోతుంది. లీకు లేదని తేలాకే 0 శాతం త్రాటిల్ వరసలో 2, 3 శాతం పెంచి చూడండి. ఆ సమయంలో ఈసీయూ పెట్రోలు పూర్తిగా ఆపేసే బండైతే ఆ అంకెలకు ఫలితమే ఉండదు.